గది నంబరు పంతొమ్మిది

మొదటి వారం తలుపు గొళ్ళెం పెట్టుకోనివ్వరు హేమా.
రాత్రి తొమ్మిదయ్యాక మేడమీది అక్కలు వస్తారు,
పళ్ళెంలో వేయించిన అప్పడాలు.
నవ్వుతూనే లెక్క కడతారు:
ఏ ఊరు, ఏ వీధి, నాన్న ఏం చేస్తాడు,
పాట వచ్చా, ముగ్గు వచ్చా,
కుమార పున్నమికి పుచి ఆడగలవా.

తెలుగు బల్ల వాళ్ళు నీ మాట విని
"ఇదేం తెలుగే, సగం ఒడియా" అంటారు.
ఒడియా బల్ల వాళ్ళు
"తెలుగు పిల్ల, అన్నింట్లో చింతపండు" అంటారు.
పర్లాకిమిడిలో పుట్టిన నాలుక అంతే,
రెండు వైపుల రైళ్ళూ ఆగుతాయి,
ఏ రైలూ దానిది కాదు.

శనివారం సాయంత్రం కింది హాల్లోకి రమ్మంటారు.
కట్టుకున్న పట్టుచీర అరువుదని
అందరికీ తెలుస్తుంది. ఎవరూ అనరు.
ఆదివారం తెల్లారేసరికి తలుపుల కింద చీటీలు.
కొన్ని తలుపుల కింద
దుమ్మే.

నిరుడు నాకు రాలేదు.
మెస్సులో ఒక్కదాన్నే దాల్మా కలుపుకుంటుంటే
లిప్సా వచ్చి ఎదురుగా కూర్చుంది.
తనకీ రాలేదు. ఉప్పు అడిగింది.
ఏ భాషలో అడిగిందో
ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

ఈ ఏడు చీటీలు తోసే పని నాకు అప్పగించారు,
నడిస్తే చప్పుడు కాదని.
లోపల ఏముందో నేను చదవను.
నీ తలుపు కింద ఒకటి దూరినా, దూరకపోయినా
ఆ పూట నూనె సీసా,
మీ ఊరి కొమ్ము దువ్వెన పట్టుకుని
పంతొమ్మిదికి రా.
నా దువ్వెనకి మూడు పళ్ళు విరిగాయి,
లిప్సా జుట్టు ఒట్టి చిక్కు.