రేపు అన్న మాట

సిరొంచ లిలావుల చెయ్యెత్తినప్పుడు
సడవలి అంగి చంకకాడ చినిగి ఉండె.
నేను వెనుక బెంచీ మీద కూసున్న,
లెక్కల బుక్కు మోకాళ్ల మీద వెట్టుకొని.
గోందియా సేటు ఆగినకాడ ఆ చెయ్యి ఆగలేదు.
ఇంకో లక్ష ఎక్కింది.
దాన్ని కిందికెల్లి ఎవలూ ఎత్తలేదు.

ఇరవై ఏండ్లు తునికాకు కట్టలు లెక్కవెట్టినోడు.
కట్టకు డెబ్బై ఆకులు.
పట్టుకుంటేనే చెప్పేటోడు ఒకటి తక్కువుందని,
చెప్పి, పోనీ రాసుకో అనేటోడు.
అందుకే ఏడూర్లు ఆయనెంట వచ్చినయి,
ముందుగాల పైస అడగకుండ.

కల్లం నిండ ఆకు.
అవుతల ప్రాణహిత ఇసుక పెనంలెక్క కాలుతున్నది.
లారీ వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి
చాయ్ తాగవోయిండు.
సేటు మనిషి చెప్పింది మంచి ధరనే.
కూలి పోను, మిత్తి పోను,
ఇంటి మీద స్లాబు పడేటంత మిగులు.
సడవలి ఒక ఆకు తీసి ఎండకు పట్టిండు,
ఈనెల నడుమకెల్లి ఎలుగును చూసిండు.
"రేపు" అన్నడు.

మడావి సోంబాయి వంగి కట్టలు తిప్పుతున్నది.
నడుమెత్తకుండనే అన్నది:
చీమలు గుడ్లు మోస్తున్నయి పటేలా,
రాత్రి దీపం చుట్టు ఉసిళ్లు.
వినలేదని మాత్రం అనకుండ్రి.
విన్నడు.
విని, తలకాయ ఊపి,
ఆమెకు నీళ్ల చెంబు అందిచ్చి,
మళ్ల అదే మాట అన్నడు నా దిక్కు చూసుకుంట.
రాసిన. తారీఖు ఏసి మరీ రాసిన.
నోరు నాకూ ఉండె.

మూడు రాత్రులు వాన.
నానిన తునికాకు వాసన
తెలిసినోళ్లకు చెప్పనక్కరలేదు,
తెలువనోళ్లకు చెప్పినా రాదు.

తిడుతరనుకున్న. తిట్టలేదు జనం.
మొగులును అన్నరు. శని అన్నరు.
అంకీసకెల్లి ఒకాయన నిమ్మకాయలు తెచ్చి
ఎవలో చేసిండ్రు అన్నడు.
గప్పుడు లేసిండు సడవలి.
నా చేతులకెల్లి బుక్కు గుంజి
ఆ తారీఖు మీద వేలు వెట్టిండు.
"ఇది బ్రహ్మరాత గాదు. ఈ పోరని రాత.
చెప్పి రాయించింది నేను."

ట్రాక్టరు ఇచ్చిండు.
మిర్పచేను రెండెకరాలు ఇచ్చిండు.
కొన్న స్లాబు సీకులు, తుప్పువట్టినయి, అవీ ఇచ్చిండు.
తప్పును మాత్రం ఎవలు అడిగినా ఇయ్యలేదు,
పట్టా భూమిలెక్క తన పేరు మీదనే ఉంచుకున్నడు.

ఇప్పుడు వేరేటోళ్ల కల్లంల
మళ్ల కట్టలు లెక్కవెడుతున్నడు.
లారీ హారన్ వినవడితే లెక్క తప్పుతడు,
మొదటికెల్లి అందుకుంటడు.
సోంబాయికి ఇంక పదకొండు వందల నలభై ఉన్నది.
ఆమె అడుగది. ఆయన మరువడు.

మొన్న బీడీ ముట్టిచ్చుకుంట
మెల్లగ అడిగిండు నన్ను,
వచ్చే ఏడు లిలావు ఎప్పుడుర అని.
ఆ కండ్లల్ల అదే ఎలుగు, ఆకు నడుమకెల్లి చూసినది.

తెలువదని చెప్పిన.
తెలుసు నాకు.