కాజాలే మిగిలాయి

పీకో మిషను హుక్ సెట్ విరిగింది.
పట్నం బజారంతా తిరిగాను.
"ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదక్కా"
నాలుగు కొట్లవాళ్ళదీ ఒకటే పాట.
మా చిన్నోడు ఫోనులో వెతికి
భివండీలో ఎవడి దగ్గరో ఉందని నొక్కేశాడు.
అరచేతిలో ఇమిడే ఇనప ముక్క.

మొదటిరోజు ఫోను చెప్పింది:
బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.
రెండోరోజూ అదే మాట.
మూడోరోజు తెలిసింది,
పెట్టెకి చీటీ అంటించారట, అంతే,
పెట్టె ఇంకా గడప దాటలేదు.
శుభలేఖ అచ్చయినంతలో
తాళి కట్టినట్టేనా?

తర్వాత హైదరాబాదు. తర్వాత విజయవాడ.
ఒక రాత్రి రెండుంపావుకి గుంటూరు వచ్చింది.
నేను నిద్రలో ఉన్నాను, అది ఊళ్ళో ఉంది.
పొద్దున్నే చూస్తే
మళ్ళీ విజయవాడలో ఉంది.
కృష్ణ దాటి వచ్చినదానివి
వెనక్కెందుకు పోయావే, ఏం మరిచిపోయావక్కడ?
"దారి మళ్ళించబడినది" అని రాశారు.
ఎవరు మళ్ళించారో రాయలేదు.
బడిలో తెలుగు మేష్టారు కర్మణి వాక్యం అనేవారు,
ఇదే కాబోలు.
పని జరుగుతుంది, చేసినవాడు కనపడడు.

ఈలోగా దండెం మీద పదకొండు చీరలు,
సువర్చలగారి చిలకపచ్చ గద్వాలుతో సహా,
అంచుల్లోంచి పోగులు రాలుస్తూ.

తొమ్మిదోరోజు: డెలివరీకి బయలుదేరింది.
అన్నానికి ఇంటికి పోలేదు.
గుమ్మంలోనే క్యారేజీ విప్పుకున్నాను.
వీధిలో ప్రతి బండి చప్పుడుకీ
తొక్కుతున్న కాలు ఆపి విన్నాను.
రాత్రి తొమ్మిదికి ఫోను కిణుక్కుమంది:
తలుపు తాళం వేసి ఉంది. కస్టమర్ లేరు.

లేనా?
నన్ను నేనొకసారి తడుముకున్నాను.
మెడలో టేపుంది.
పళ్ళ మధ్య గుండుసూది ఉంది.
నెత్తిన బల్బు వెలుగుతూనే ఉంది.

మర్నాడు ఏటుకూరు రోడ్డు గోడౌనుకి పోయాను.
పక్కనే మిర్చి కోల్డ్ స్టోరేజీ.
ఏ దేశపు పార్సిలైనా ఇక్కడ దిగాక
ఘాటు పట్టించుకోవాల్సిందే.
తుమ్ముతూ వచ్చాడు కుర్రాడు, ఏసుపాదం,
చొక్కా జేబు సగం ఊడి వేలాడుతోంది.

"నిన్న నూట ముప్పై ఇచ్చారాంటీ.
తొంభై దగ్గర టైరు పోయింది.
తొమ్మిదిలోపు ఏదో ఒకటి నొక్కకపోతే
ఈ ఫోను రోజు ముగియనివ్వదు.
ఉన్నవి నాలుగే మాటలు ఇందులో.
టైరు పోయింది అన్న మాట లేదు."

"మరి తాళమే ఎందుకు నొక్కావురా?"

"అది అన్నిటికన్నా పైన ఉంటుందాంటీ."

నిలబెట్టి కడిగేద్దామనే వెళ్ళాను.
నోరు తెరిచేలోగా ఫోను.
సువర్చలగారు, జాకెట్టు సంగతి.
"అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి,
రేపు సాయంత్రం వచ్చేయండి" అన్నాను
ఇంకా కత్తెరైనా తగలని గుడ్డ గురించి.
ఇరవై రెండేళ్ళుగా నా నాలుక మీద
అన్నిటికన్నా పైన ఉండే మాట.

ఏసుపాదం ఏమీ అనలేదు.
గుట్టలో మోచేతిదాకా చెయ్యి దూర్చి
నలిగిన పెట్టె తీసిచ్చాడు.
జేబు కుట్టిస్తా కొట్టుకి రమ్మన్నాను.
"ఎప్పటికవుద్దాంటీ?" అన్నాడు.
నిలబడు, ఇప్పుడే, అని
పర్సులోంచి సూది తీశాను.

పీకో నడుస్తోంది.
ఫోను మాత్రం ఇప్పటికీ అంటోంది:
మళ్ళీ ప్రయత్నిస్తాము.

సాయంత్రం సువర్చలగారు రానే వచ్చారు.
ఒక్కసారికి నిజం చెబుదామనిపించింది.
"ఇంకా కత్తెర పెట్టలేదండీ."

ఆవిడ ముఖం పాలిపోయింది.
"కాజాలే మిగిలాయి అంటే
పది రోజులని లెక్క వేసుకునేదాన్ని.
కత్తెర పెట్టలేదంటే
ఎన్నాళ్ళని అర్థం?"