బోల్టుకు వేరే ఇంటిపేరు

విస్కాన్సిన్‌లో జనవరి.
సంత మైదానంలో పశువుల షెడ్డు.
ఇవాళ ఆవుల్లేవు, నూట నలభై బల్లలున్నాయి.
బూట్ల కింద మంచు బురదవుతోంది.
నావి తోలు పట్టీలు, నూనె డబ్బాలు, గొట్టం తుడిచే కడ్డీలు.
పక్క బల్ల వెండెల్ నైక్విస్ట్‌ది.
పదిహేనేళ్ళుగా పక్కపక్కనే.

అతని బల్ల మీద ఐదు మౌజర్ తుపాకులు,
అమ్మకానికి నాలుగు.

కొనేవాళ్ళెవరూ ముందు గురి చూడరు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
భూతద్దంలోంచి అంకెలు చదువుతారు.
రిసీవర్ మీద, బోల్టు మీద, కట్ల మీద,
చివరికి గోరంత మర తల మీద
అదే నంబరుందా అని.
జాతకాలు కలిపే పంతులు కూడా ఇంతగా వంగడు.
అన్నిటికీ ఒకే ఇంటిపేరైతే ధర రెట్టింపు.
ఒక్క మర తేడా వస్తే
పెదవి విరిచి, పక్క బల్లకి.

ఈ పాత ఇనుముకి అంత మోజేమిటని నా భార్య అడుగుతుంది.
చెప్పడం చేతకాదు.
పిడి ఎత్తు, వెనక్కి లాగు, ముందుకు తొయ్యి, కిందికి వాల్చు, అంటాను.
నాలుగు చప్పుళ్ళు.
ఎనభై ఏళ్ళు దాటినా
ఇనుముకీ ఇనుముకీ మధ్య వెంట్రుక పట్టదు.
పని తెలిసిన చేతులు చేసిన వస్తువు.
ఏ పనికి చేశారో కూడా తెలుసు.
ఈ రెండు మాటల్నీ ఒకే నోట్లో పెట్టుకుని
చల్లారిన కాఫీ తాగుతుంటాం మేం.

ఐదోది వెండెల్ వాళ్ళ నాన్న ఆర్విడ్ తెచ్చింది.
నలభై ఐదు, మే నెల, బవేరియాలో ఏదో బీట్‌దుంపల పొలం.
లొంగిపోయినవాళ్ళ తుపాకులు ఒక కుప్ప,
ఊడబీకిన బోల్టులు ఇంకో కుప్ప.
గుర్తుగా కావాలంటే ఒకటి తీసుకోండన్నారట.
ఆ కుప్పలోంచి ఒకటి, ఈ కుప్పలోంచి ఒకటి.
గుడ్డ సంచిలో పట్టకపోతే
ముందు కట్టు కింద రంపం పెట్టి కోశాడు,
పొరలు పొరలుగా అతికిన బీచ్ కర్రని,
వంకరగా.

ఇదంతా ఆయన చెప్పింది ఒక్కసారి,
పందిపిల్లల్ని ఒడిసిపట్టుకుని సూదులు వేయిస్తూ.
మళ్ళీ అడిగితే,
“ఆ తట్ట ఇలా జరుపు,” అన్నాడట.

ఆ తుపాకీ దగ్గర ఆగినవాళ్ళందరికీ జాలి.
“గ్రీన్‌బేలో ఒకతనున్నాడు, కోత కనపడకుండా అతుకుతాడు.”
“సరైన బోల్టు ఎక్కడో ఉండే ఉంటుంది, ప్రకటన వేసి చూడు.”
వెండెల్ తలాడిస్తాడు,
చీటీల మీద ఫోన్ నంబర్లు రాయించుకుంటాడు,
చీటీలు తగ్గుముఖం పట్టవు, అతను ఒక్క ఫోనూ చేయడు.

ఉండబట్టలేక నేనే అడిగాను ఓ ఏడాది.
“మిగతాదంతా ఓబెర్న్‌డోర్ఫ్ వాళ్ళది,” అన్నాడు.
“తప్పు బోల్టూ, వంకర కోతా,
ఈ రెండే మా నాన్నవి.”

మడమ కర్రకి ఎడమ పక్క
చాకుమొనతో ఎవరో చెక్కిన ఒక్క అక్షరం, ఎఫ్.
అది ఎవరిదో మేం మాట్లాడుకోం.

ఈ మధ్యాహ్నం ఎర్ర టోపీ పిల్ల ఒకతి,
ఒక చేతిలో సాసేజి,
రెండో చేతి వేలు ఆ అక్షరంలో పెట్టి గీతవెంట నడిపించి
“ఇది ఎవర్నైనా చంపిందా?” అంది.
వాళ్ళమ్మ భుజం పట్టి లాగింది.
నేను పట్టీలు సర్దడంలో పడ్డాను.
వెండెల్ కుర్చీలోంచి లేచి, మోకాలు పట్టేస్తే బల్ల ఆసరా తీసుకుని,
ఆ పిల్ల ఎత్తుకి వంగాడు.
“తెలీదమ్మా.
వాళ్ళు అన్నీ అంకెలేసి రాసుకున్నారు,
అదొక్కటీ రాయలేదు.”

నాలుగింటికి చీకటి.
ఎవరి సరుకు వాళ్ళు పెట్టెల్లో పెడుతున్నాం.
చేతి చెమటలో ఉప్పుంటుంది,
ఒక్క రాత్రి వదిలేస్తే ఇనుము మీద వేలిముద్ర తుప్పై లేస్తుంది.
అందుకే నూనె గుడ్డతో తుడవాలి,
చూసినవాళ్ళవీ, బేరమాడినవాళ్ళవీ,
ఆఖరున మనవీ.

ఐదోదాన్ని తిప్పి చూశాడు వెండెల్.
చెక్కిన గీతలో పసుపుపచ్చగా
కాస్త ఆవముద్ద ఇరుక్కుంది.
జేబులోంచి అగ్గిపుల్ల తీశాడు.
దాన్ని అలాగే పళ్ళ మధ్య పెట్టుకుని
పెట్టె మూత దించాడు.