దండెం మీద వాతావరణం

మా అమ్మ యార్మిలా రేడియోని నమ్మేది కాదు.
దుప్పటి ఉతికి ఆరేసి, గంట ఆగి
బొటనవేలితో అంచు రుద్ది చూసేది.
వేలు నల్లబడితే ఆ పూట నాకు బడి లేదు.

ఉత్తర బొహీమియా. నేలబొగ్గు. ఏడు పొగగొట్టాలు.
రేడియోది రోజూ ఒకటే మాట: పొగమంచు.
మంచు గొంతులో గుచ్చుకుంటుందా అని అడిగిన టీచరమ్మని
లైబ్రరీలో అట్టలంటించే పనికి మార్చారు.
గాలిలో గంధకం ఎంతో రాసిన కాగితం
మామయ్య ఓల్డ్ర్షిఖ్ ఆఫీసు బీరువాలోనే ఉండేది.
తాళం మాత్రం ఆయన దగ్గర కాదు.

ఊరు వదలకుండా ఉన్నందుకు ఏటా కొంత డబ్బిచ్చేవారు.
పాడె ఖర్చు అనేవాళ్ళం దాన్ని.
ఒక ఏడాది పాడె ఖర్చుతో నాకు సైకిలు కొన్నారు.
ఎర్ర సైకిలు.
అదంటే నాకు ప్రాణం.

ఆ నవంబరులో తల్లులు
పిల్లల బండ్లు తోసుకుంటూ కూడలికొచ్చారు.
అమ్మ దుప్పటి పట్టుకెళ్ళింది.
ఏం జెండా అది అని పోలీసు అడిగితే
జెండా కాదు నాయనా, ఉతికిందే, అంది.
అతనూ దగ్గుతున్నాడు.

తర్వాత ఓటు పెట్టెలొచ్చాయి,
పొగగొట్టాలకి జల్లెడలొచ్చాయి.
దుప్పటి తెల్లబడింది. అబద్ధమాడను.

గని చేతులు మారింది.
ఎవరి చేతులో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.
కూడలిలో ఎర్రంకెల బోర్డు
ఐదు నిమిషాలకోసారి గాలి లెక్క చెబుతుంది.
దాని కిందే బస్సు కోసం నిలబడతాం, తలెత్తకుండా.
పరిమితి దాటుకోవచ్చని కంపెనీకి మినహాయింపు:
నూట నలభై పేజీలు.
అభ్యంతరాలకి ముప్ఫై రోజులు.
అప్పట్లో నోరు కుట్టేశారు.
ఇప్పుడు చేతికి మైకిచ్చి, వాళ్ళు భోజనానికెళ్ళారు.

మా లుబోర్ చైనాలో పనిచేసొచ్చాడు.
"అక్కడ ఒక్క సంతకంతో కొలుములన్నీ ఆపేశారు,
పది రోజులు నీలాకాశం, నానమ్మా నమ్మవు" అన్నాడు.
నానమ్మ కాదురా, అమ్మమ్మని, అని దిద్ది
"పదకొండో రోజు దుప్పటి చూశావా?" అంది.
వాడు ఫోన్లోకి చూసుకున్నాడు.

ఇరవై తొమ్మిదో రోజు రాత్రి
నేను అభ్యంతరం నింపుతున్నాను.
ఆధారాలు జతపరచండి, అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
అమ్మ లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, బీరువా తెరిచింది.
అడుగున, కాగితంలో చుట్టి,
నాటి దిండు గలీబు.
ఉతకలేదు. కావాలనే.

ఎన్ని మడతలు పెట్టినా
కవరులో పట్టడం లేదు.