తక్‌పట్టీ

ఎనుమాముల మార్కెట్ల నేను దడువాయిని.
ముప్పై ఒక్క ఏండ్లసంది కాంటా ముందటనే.
ముల్లు ఆగేదాక నోరు తెరవను.
గంతే నాకొచ్చిన విద్దె.

నుస్రత్ ఫోన్ పట్టుకొని వచ్చింది,
లారీ సలీం బిడ్డ, పట్నంల కొలువు,
లోకం తిరిగే వీడియోలల్ల కల్తీ ఏరుడు.
"మనోళ్లు తాలు మిరపకాయ ఏరినట్టే, కాకా" అన్నది.

తొమ్మిది సెకన్లు.
ఎర్రటి గాలి. మొఖాలకు తువ్వాలలు.
ఒకామె వంగి, మోకాళ్లు పట్టుకొని,
పేగులు బయటవడేటట్టు దగ్గుతది.
ఎన్కనుంచి ఎవలో నవ్వుతరు.
కింద తెల్లటి అచ్చరాలు, నాకు రాని భాషల.

"ఏమని రాసిండ్రు బిడ్డా?"
"విషపుగాలి అని వాళ్లు ఏడ్సేదంత నాటకం,
ఇగో, ముందుగాల రిహార్సలు చేస్తుండ్రు సూడుండ్రి, అని."

ఎక్కడిదో యుద్ధం. ఊరి పేరు నా నాలికకు తిరగలే.
తెల్లారగట్ల వాళ్ల మీద ఏదో వడ్డదట,
రంగు లేనిది, వాసన లేనిది.
నిద్రల ఉన్నోళ్లు నిద్రల్నే.
దేశాలన్ని బల్లల చుట్టు కూసున్న పెద్ద సభల
వాళ్ల పిల్లల దగ్గు అబద్ధమనుటానికి
మా ఓదెమ్మ దగ్గును సాచ్చెం పెట్టిండ్రు.

ఓదెమ్మనే. నాకెరుక గాదా?
నిరుటి ఫాల్గుణం, బుధారం,
తేజ మిర్చి రాశి మీద సుడిగాలి లేసిన పూట.
యార్డంత తుమ్ములు.
అడ్తిదారు కుర్చీ ఇడిసి ఉరికిండు,
గా నవ్వు మా హమాలీలది, ఆయన్ను సూసి.

నుస్రత్ బొమ్మను ఆపి పెద్దగ చేసింది.
బస్తాల మీది రాతను మసక చేసిండ్రు,
ఒక మూల మరిచిపోయిండ్రు:
సగం తెగిన 'ఎ', పక్కన నీలం సిరా సున్నా.
అది నేనేసిన మార్క.
నా సున్నా కోడిగుడ్డు లెక్క
జెర ఎడమకు ఒరుగుతది.

అటుక మీది పాత పుస్తకాలు దించిన.
కార్బన్ కాయితం, అంచుకు చెదలు తిన్నది.
తేది ఉన్నది. రైతు బక్కన్న, ఊరు మల్యాల.
అరువై ఒక్క బస్తా. తరుగు ఇంత, నెట్టు ఇంత.
కింద నా దస్కతు.

ఓదెమ్మను పిలిస్తే చీపురుతోనే వచ్చింది.
తనను తాను సూసుకొని ముందు నవ్వింది,
"కొంగు జారింది సూడు, సిగ్గులేకుండ" అని.
ఎందుకు వాడుకున్నరో చెప్పినంక
గా రెండోది చూపెట్టు, గా అసలుది, అన్నది.
నుస్రత్ వద్దన్నది. ఈమె వినలే.

అండ్ల ఎర్రటి గాలి లేదు.
ఒక పిలగాడు. నోట్ల నురుగు.

"నాది నీళ్లు గొడితె తగ్గింది.
గా పిలగాని మీద నీళ్లు వోసిండ్రా, ఎవలన్న?"

నుస్రత్ దగ్గర దానికి కాయితం లేదు.
నా దగ్గర లేదు.

కల్తీ అంటే నాకెరుకే.
రంగు కలిపిన కారం వేలికే దొరుకుతది.
ఇది వేరే తీరు. ఇండ్ల నకిలీ ఏదీ లేదు.
దగ్గు నిజం. కండ్ల నీళ్లు నిజం.
ఒకల బస్తాను ఇంకొకల కాంటా మీద పెట్టిండ్రు,
గంతే. ముల్లు కూడ ఆగింది.

నా తక్‌పట్టీ సభకు పోయింది,
నుస్రత్ రాసిన నాలుగు పేజీల అడుగున.
పగటి బువ్వ యాళ్లకు ఎవలో చదివిండ్రట.
ఒక దేశం "ఇది కూడ నకిలీదే" అన్నదట,
"దడువాయి అంటె ఏంది?" అని ఇంకొకలు అడిగిండ్రట.

వీడియో సూసినోళ్లు నలభై లచ్చలు.
కాయితం సూసినోళ్లు రెండువందల పదమూడు.
ఇంకో సున్నా ఏద్దామని చెయ్యి గుంజింది.
ఏయలే.
రెండువందల పదమూడే రాసుకున్న.

ఇయ్యాల మళ్ల తేజ వచ్చింది, నూటనలభై బస్తా.
దుమ్ము లేసింది.
ఓదెమ్మకు దగ్గొచ్చింది. రెండు చేతులతోని
నోరు మూసుకొని, గుండెల్నే ఆపుకొని,
చుట్టు సూసింది
ఎవని చేతుల్నన్న ఫోనున్నదా అని.