వేణ్నీళ్ళు, చన్నీళ్ళు

కేటలాగు నూట పన్నెండు పేజీలు.
మూడు రాత్రులు వంటింటి బల్ల మీద
తిరగేశాం నేనూ స్నేబ్యోర్నూ,
పెళ్ళిసంబంధాలు చూస్తున్నట్టు.

ఇదిగో, యాభై రెండు నాళాలది,
వీపులో ఎక్కడ పొడవాలో దానికే తెలుసట.
ఇది రంగులు మారుస్తుంది, ఊదా, గులాబీ, ఆకుపచ్చ.
"ఆకుపచ్చ వెలుగు ఆకాశంలో ఊరికే వస్తోందిగా,
దానికి డబ్బెందుకు?" అన్నాడాయన.
ఇందులో గ్లాసులు పెట్టుకునే గుంటలు ఆరు.
మాకున్న గ్లాసులే నాలుగు,
అందులో ఒకదానికి అంచు లేచిపోయింది.

ఇసాఫ్యోర్దుర్ కొట్లో కుర్రాడు హ్లినూర్
సాక్సులతోనే లోపల కూర్చుని చూడమన్నాడు.
కూర్చున్నాం.
నీళ్ళు లేని తొట్టిలో ఎదురెదురుగా ఇద్దరు ముసలాళ్ళు,
కోట్లూ టోపీలూ తీయకుండా.
నా కాళ్ళు అడుగుకు అందలేదు.
"సగటు మనిషి కొలతండీ" అన్నాడు కుర్రాడు.
ముప్పై ఏళ్ళు చేపల షెడ్డులో కత్తి పట్టి నిలబడ్డాను,
సగటు చేప ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు.

ఒంటిదారి సొరంగంలో ఆయన మాట్లాడడు,
ఎదురొచ్చే దీపాలు చూసుకోవాలి.
సుదురెయ్రి వెలుగులో పడ్డాక అన్నాడు,
"రేవులో పాత తొట్లున్నాయి."

చేపల తొట్టి.
చలిని బయటికి పోనివ్వని గోడలు
వేడినీ పోనివ్వవు.
లోపలున్నది మంచో మరుగో
వాటికేం తెలుసు?
వెలిసిన నారింజ రంగు, పక్కన ఎవరిదో పడవ నంబరు.
నాలుగు కిలోల ఎండుచేపకు బేరం కుదిరింది.

ఏప్రిల్ అంతా ఆయన కాపురం దాంతోనే.
అడుగున బెజ్జం, దానికి పడవ బిరడా.
సైబీరియా నుంచి కొట్టుకొచ్చిన దుంగ కోసి రెండు బల్లలు.
గాలికి ఎగరకుండా మూతకు వలతాడు.
ఉత్తరం పక్క అడ్డుగా ఒక పాత తలుపు,
పక్కింటి గున్వోర్‌కు మా మోకాళ్ళు కనిపించకుండా.
ఆవిడతో మాటల్లేక ఆరేళ్ళు.
ఎందుకో మాకూ సరిగ్గా గుర్తులేదు.

కుళాయిలు రెండు.
కొండ కడుపులోంచి వేడినీళ్ళు, గుడ్డు వాసనతో.
వాగులోంచి చన్నీళ్ళు, ఏ వాసనా లేకుండా.
అక్కడ మొదలైంది గొడవ.
ఆయనకు నలభై రెండు డిగ్రీలు కావాలి. నాకు ముప్పై ఎనిమిది.
నలభై నాలుగేళ్ళలో మా తేడా
ఇలా అంకెల్లో ఎప్పుడూ తేలలేదు.
"వేణ్నీళ్ళకు ఇళ్ళు కాలవు" అంటాడు.
"ఒళ్ళు కాలుతుంది" అంటాను.
ఆయనొకటి తిప్పితే నేనింకోటి.
వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడని
ఆయన పడవ వాటాకు నా షెడ్డు కూలి కలిపినప్పుడు
ఇంత పోట్లాట లేదు.

మొదటిరోజు సన్నగా మంచు పడుతోంది.
నీళ్ళు వేడెక్కగానే తొట్టికి అన్నీ గుర్తొచ్చాయి.
ఇరవై ఏళ్ళ చేపలు
ఒక్కసారిగా మాతోపాటు దిగాయి.
ఒకప్పుడు మంచు పరిచి వాటిని పడుకోబెట్టినవాడు
ఇప్పుడు గడ్డం దాకా మునిగి,
కళ్ళు తేలేసి, నోరు తెరిచి.
ఎన్ని కిలోలుంటాడో చూపుతోనే తూచాను,
పాత అలవాటు.

తర్వాత నేను కూర్చున్నాను.
పాదాలు అడుగుకు ఆనాయి.
రెండూ.

కుడి తుంటి ఉక్కుది, వేసి రెండేళ్ళు.
అప్పటినుంచి ఆ కాలు వేలి మందం పొట్టి.
ఎవరికీ చెప్పలేదు,
బూటులో అట్టముక్క పెట్టుకుని నడుస్తాను.
నీళ్ళ కింద తడిమి చూశాను.
కుడి పాదం ఆనే చోట మాత్రం
వేలి మందం చెక్క,
అంచులు నున్నగా గుండ్రంగా గీకి.

కొలత ఎప్పుడు తీశావని అడగలేదు.
ఆయన కొండకేసి చూస్తున్నాడు,
అక్కడేదో పని ఉన్నట్టు.
చల్ల కుళాయి మీద పెట్టిన చెయ్యి
తీసేశాను.
నలభై. నలభై ఒకటి.

తలుపు అవతల దగ్గు వినిపించింది.
"నీళ్ళు బాగున్నాయా?"
"చేపల కంపు" అన్నాను.
"నాకు అలవాటేలే" అంటూ
గున్వోర్ అప్పటికే
చెప్పులు విడుస్తోంది.