రెండో శనివారం

నెలలో రెండో శనివారం, తొమ్మిదిన్నరకి,
షెఫీల్డ్ చివర ఆఖరి బస్‌స్టాప్ దగ్గర
పది పన్నెండు జతల రబ్బరు బూట్లు పోగవుతాయి.
వాటిలో నావి ఒక సైజు పెద్దవి,
పోయినేడు చనిపోయిన ఒకాయనవి.
"ఆయనకి నచ్చేదే, వేసుకో" అంది వాళ్ళావిడ మొరీన్,
బూటులోంచి ఎండుటాకు దులిపి.

లోయలోకి దిగుతాం.
నది పేరు మారల్.
నది అంటే నవ్వొచ్చింది మొదట,
కృష్ణ కాలవలో ఈత నేర్చినదాన్ని.
మా వైపు దీన్ని వాగని కూడా అనరు.
కానీ ఈ చారెడు నీరే ఒకప్పుడు
ఇరవై చక్రాలు తిప్పిందట,
కత్తులూ కొడవళ్ళూ కత్తెరలూ సానపట్టించి
ఊళ్ళమీదికి పంపిందట.

హెడ్లీ మా మేస్త్రీ. డెబ్బై ఆరేళ్ళు.
మాట పొదుపు, పార మీద ప్రేమ జాస్తి.
రాతి కాలవలో మూడడుగుల బురద చూపించి
"దీని అడుగు నేనూ చూళ్ళేదు" అన్నాడు, అంతే.
రెండేళ్ళుగా తవ్వుతున్నాం.

వాళ్ళు దాన్ని గోయిట్ అంటారు.
నాకు పంటకాలవే, పంట లేకపోయినా.
కట్ట మీంచి నీళ్ళు పొర్లే చోటు అలుగు,
చెక్కతలుపు ఉన్న చోటు తూము.
మా తాతయ్య లాకుల దగ్గర లస్కరు,
ఏ చేలకి ఎన్ని అంగుళాల నీరో నోటిలెక్క.
ఆ మాటలు ముప్పయ్యేళ్ళుగా నాలో పనిలేక పడున్నాయి,
ఇక్కడ దొరికింది వాటికి కూలి.
ఇప్పుడు హెడ్లీ కూడా "టూము" అంటాడు.
నేను దిద్దను.

జూన్‌లో ఒడ్డంతా గులాబీరంగు పువ్వు,
తలెత్తు మొక్క, ముట్టుకుంటే కాయ చిట్లి
గింజల్ని ఆ ఒడ్డుకి చిమ్ముతుంది.
పక్కవాటిని బతకనివ్వదు, పీకాలి.
కొత్తగా చేరిన కుర్రాడు కల్లం
"ఇది హిమాలయాల నుంచి..." అంటూ
నా వైపు చూసి ఆగిపోయాడు, చెవులు ఎర్రబడి.
"మాది తెనాలి బాబూ" అన్నాను,
"మంచుకొండలు మాకూ క్యాలెండర్లోనే."
ఇద్దరం చెరో మోపు పీకాం.
వేరు ఎంత సులువుగా వచ్చేసిందో,
అదొక్కటే
ఇంటికొచ్చాక కూడా చేతికి గుర్తుంది.

అక్టోబరులో పార ఖణేల్మంది.
బురదలోంచి సగం విరిగిన సానరాయి,
బండిచక్రమంత.
దానిమీదికి వంగి కూర్చునేవాళ్ళట పొద్దంతా,
రాతిపొడి పీల్చి ముప్పై అయిదుకే
ముసలి దగ్గు దగ్గేవాళ్ళట.
హెడ్లీ ముత్తాత వాళ్ళలో ఒకడు.
ఆ సంగతి చెప్పడానికి అతనికి రెండేళ్ళు పట్టింది.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
"ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అని
రోజుకి అరవైసార్లు అంటాను.
ఆ రాయి మీద చెయ్యి వేసి,
చేసేదేం లేక, నేనే బిగబట్టాను కాసేపు.
వదలమనేవాళ్ళు లేరు.

పోయిన శనివారం తూము ఎత్తాం.
నీళ్ళు ముందు వెనకాడాయి,
అద్దె ఇల్లు చూడ్డానికొచ్చినట్టు
మూలమూలా తడుముకుంటూ, ఆకుల్ని నెట్టుకుంటూ వచ్చాయి.
కల్లం వాటి పక్కనే పరిగెత్తాడు.
మొరీన్ చప్పట్లు కొట్టబోయి
చేతిలో టీ ఒలకబోసుకుంది.
నలభై గజాలు వచ్చాయి.
తర్వాత ఒక రాతి సందులోకి గుడగుడమని
పోయాయి.

అందరం మట్టిచేతులతో అలాగే నిలబడ్డాం.
ఎవరో కేకు డబ్బా తెరిచారు, ఎవరూ తీసుకోలేదు.
హెడ్లీ మోకాళ్ళ మీద కూలబడి
ఆ సందుకి చెవి ఆనించాడు.
చాలాసేపు విన్నాడు,
తప్పిపోయిన మేకపిల్ల అరుపు విన్నట్టు.
"కింద ఇంకో కాలవ ఉంది" అన్నాడు.
గడ్డానికి బురద, కళ్ళలో పాతికేళ్ళు.

వచ్చే నెలకి గునపాలు కావాలట.
బస్సులో మొరీన్ అడిగింది,
నేల కింద దాక్కున్న కాలవని
మీ భాషలో ఏమంటారని.
నాకు తట్టలేదు.
ఇంకా తట్టలేదు.
మెట్ల మీద బూట్లు ఆరుతున్నాయి.